స్కాన్ చేశారు సరే, దొరికేదెలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత పుస్తకాల గురించీ, మ్యూజియం వస్తువుల గురించీ, వాటి వివరాలు ఇంటర్నెట్‌లో పెట్టడం గురించీ ఉన్నాయి. ఉద్యోగం చేసినంతకాలం నేను యూనివర్సిటీ లైబ్రరీలో కాటలాగ్ రాసే సెక్షన్‌లోనే ఉన్నాను. అందుకే ఈసారి శీర్షికంతా ఈ ప్రశ్నలకే కేటాయించాను.

ప్రశ్న: మా తాతగారు 1930ల్లో ఒక శతకం అచ్చు వేయించారు. ఇంట్లో ఒక్క ప్రతి కూడా మిగల్లేదు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఆ పుస్తకం ఉందనీ, తాను చూశాననీ మా బంధువొకాయన చెబుతున్నారు. నేను తెలుగులో టైప్ చేసి ఎంత వెతికినా రావడం లేదు. అది నిజంగా ఉండి ఉంటుందా? – విశ్రాంత ప్రధానోపాధ్యాయులు, తెనాలి

జవాబు: మాస్టారూ, మీ బంధువు చెప్పింది నిజమయ్యే అవకాశమే ఎక్కువ. పుస్తకం అక్కడ ఉండి కూడా మీకు కనపడకపోవచ్చు.

పాత పుస్తకాలూ అవీ ఉచితంగా చూసుకునేలా పెట్టే సైటు ఇంటర్నెట్ ఆర్కైవ్. ఇప్పుడు అందులో దొరికే పాత తెలుగు పుస్తకాల్లో చాలా భాగం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్లు స్కాన్ చేసినవి. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ ఆచార్యులైన రాజ్ రెడ్డి గారు ముందుండి నడిపించిన మిలియన్ బుక్ ప్రాజెక్ట్‌తో వచ్చిన పని అది. బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ లాంటి సంస్థలు భుజాన వేసుకున్నాయి. తరవాత ఆ సైటు ఆగిపోయినా, అందులోని లక్షల పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరాయి కాబట్టి బతికి బట్టకట్టాయి. ఆ పని చేసినవాళ్లకు మనం ఎంతో రుణపడి ఉన్నాం.

చిక్కంతా పేర్ల దగ్గర వచ్చింది. స్కాన్ చేసేటప్పుడు పుస్తకం పేరు, రచయిత, ప్రచురణకర్త, సంవత్సరం, భాష విడివిడి గడుల్లో నింపారు. పుస్తకం గురించి చెప్పే ఈ వివరాలనే మెటాడేటా అంటాం. ఆ గడులు డబ్లిన్ కోర్ అనే పద్ధతివి. 1995లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో డబ్లిన్ అనే ఊళ్లో లైబ్రరీలవాళ్లూ కంప్యూటర్లవాళ్లూ కలిసి కూర్చున్నప్పుడు మొదలై, చివరికి పదిహేను గడులుగా స్థిరపడింది. పద్ధతి చక్కనిదే. కానీ మన పుస్తకాల పేర్లను అందులో ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేశారు. అదీ ఒక్కొక్కరు ఒక్కో రకంగా. 'ఆంధ్ర' అన్న మాటనే తీసుకోండి. ఒకచోట ముందు ఒక్క 'ఏ' ఉంటుంది, ఇంకోచోట దీర్ఘం కోసం రెండు 'ఏ'లు ఉంటాయి. మరోచోట సున్న కోసం 'ఎన్' కొట్టి, పక్కన పైన ఒక కామా పెట్టారు. మీరు తెలుగు లిపిలో వెతికితే ఈ మూడింటిలో ఒక్కటి కూడా రాదు. స్కాన్ ఉండి వివరం సరిగ్గా లేని పుస్తకం చిరునామా లేని ఉత్తరం లాంటిది.

ఇలా ప్రయత్నించండి. ముందు భాషను తెలుగుకు పరిమితం చేయండి. పుస్తకం పేరు మొత్తం కొట్టొద్దు. మొదట్లో ఉన్న 'శ్రీ', 'శ్రీమత్' వదిలేసి, మధ్యలో దీర్ఘాలూ సున్నలూ లేని చిన్న ముక్క ఏదైనా ఉంటే అది ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. దీర్ఘం తప్పనప్పుడు ఒకసారి ఒక్క 'ఏ'తో, ఒకసారి రెండు 'ఏ'లతో చూడండి. అప్పటికీ రాకపోతే తాతగారి ఇంటిపేరు ఒక్కటే ఇచ్చి వెతకండి, తరవాత అసలు పేరు ఒక్కటే ఇవ్వండి. చాలా పుస్తకాలకు రచయిత గడిలో ప్రచురణకర్త పేరూ, ప్రచురణకర్త గడిలో ప్రెస్సు పేరూ పడ్డాయి. కాబట్టి ప్రెస్సు పేరు గుర్తుంటే అదీ వాడండి. శతకం అంటున్నారు కనక మకుటంలోని మాటలు కూడా వెతికి చూడండి. పేజీల్లోని అక్షరాలను కంప్యూటర్ చదివిన పుస్తకమైతే అలా పట్టుబడొచ్చు.

దొరికాక ఒక్క పని చేసిపెట్టండి మాస్టారూ. ఆ పుస్తకం పేజీ కింద రివ్యూ రాసే చోటు ఉంటుంది. అకౌంట్ ఉన్న ఎవరైనా రాయొచ్చు. అక్కడ సరైన పేరు, రచయిత పూర్తి పేరు, ఊరు, అచ్చయిన సంవత్సరం తెలుగు లిపిలో రాయండి. మీ తాతగారి గురించి మీకు తెలిసినంత ఆ స్కాన్ చేసిన కుర్రవాడికి తెలిసే దారి లేదు.

ప్రశ్న: మా ఊరి గ్రంథాలయం స్వాతంత్ర్యానికి ముందు పెట్టింది. ఐదు వేల పుస్తకాలదాకా ఉన్నాయి. పక్క టౌను కాలేజీ లెక్చరర్ ఒకరు మా పుస్తకాల జాబితా ఎక్సెల్‌లో ఇస్తే అందరికీ అందేలా పెడతానంటున్నారు. కమిటీలో కొందరు ఒప్పుకోవడం లేదు. జాబితా ఇచ్చేస్తే ఇక మన దగ్గర మిగిలేదేముంది, ఎవరో మన పేరు లేకుండా వాడుకుంటారు అంటున్నారు. మీరేమంటారు? – గ్రంథాలయ కార్యదర్శి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ఇవ్వండి. పూర్తిగా ఇవ్వండి, షరతులు లేకుండా ఇవ్వండి. మీ కమిటీవారి భయం నాకు అర్థమైంది. ఎండకీ వానకీ చెదలకీ కాపాడుకొచ్చిన పుస్తకాలు అవి. అయితే జాబితా ఇచ్చినంత మాత్రాన పుస్తకాలు మీ బీరువాలు దాటి పోవు. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనానికి పాత పత్రికల కోసం పరిశోధకులు వెతుక్కుంటూ వెళ్తారు. అక్కడ ఏమున్నాయో నలుగురికీ తెలుసు కాబట్టే వెళ్తారు. మీ దగ్గర ఏముందో మీ ఊరు దాటి ఎవరికీ తెలియకపోతే, రేపు పైకప్పు బాగుచేయించడానికి చందా అడిగినా అడిగినచోట గౌరవం రాదు.

ఈ దారి మీకన్నా చాలా పెద్ద సంస్థలు తొక్కినదే. యూరప్‌లోని లైబ్రరీలు, మ్యూజియాల వివరాలన్నీ ఒక్కచోట చూపించే యూరోపియానా, 2012లో తన దగ్గరున్న రెండు కోట్ల రికార్డుల మెటాడేటాను సీసీ జీరో కింద వదిలేసింది. అంటే ఎవరైనా, దేనికైనా, అడగకుండా వాడుకోవచ్చని. అదే ఏడు మొదలైన వికీడేటా, అంటే వికీపీడియా సంస్థవాళ్లే నడిపే సమాచార పట్టిక, కూడా సీసీ జీరోయే. 'మా పేరు వేస్తేనే వాడండి' అని షరతు పెడితే వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ వందల లైబ్రరీల జాబితాలు కలిపి ఒక పెద్ద జాబితా చేసేటప్పుడు ఒక్కో వరసకీ ఒక్కో పేరు మోసుకుపోవడం ఎవరివల్లా కాదు, చివరికి మీ జాబితాను పక్కన పెట్టేస్తారు. మన కాపీరైట్ చట్టంలో డేటాబేస్‌లు కూడా సాహిత్యకృతుల లెక్కలోకే వస్తాయి కనుక, ఊరికే ఇచ్చి ఊరుకోకుండా 'ఈ జాబితా సీసీ జీరో' అని ఒక కాగితం మీద తీర్మానం రాసి, జాబితాతోపాటు పెట్టండి. మీ పేరు నిలబడాలంటే జాబితాలోనే ఒక గడిలో మీ గ్రంథాలయం పేరు, ఊరు, జిల్లా ప్రతి వరసలోనూ వేయండి. ఆ ప్రతి ఎక్కడుందో చెప్పే సమాచారం అది. తీసేస్తే జాబితా ఎందుకూ పనికిరాదు, కాబట్టి ఎవరూ తీసేయరు.

ఇవ్వకూడనివి కూడా ఉన్నాయి. సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారో రాసే ఇష్యూ రిజిస్టరు. ఇవి ఎంత పాతవైనా, ఎవరు అడిగినా ఇవ్వొద్దు. మనిషి ఏం చదువుతున్నాడన్నది ఆ మనిషి సొంత విషయం. పుస్తకాలు దానం చేసినవారి పేరు వేయొచ్చు, ఇంటి చిరునామా వేయొద్దు.

ఇక టైపింగ్. ఇక్కడే మన తెలుగువాళ్ల శ్రమ ఎంతో వృథా అయింది. జాబితాను డీటీపీ సెంటర్‌కి ఇస్తే అలవాటుకొద్దీ అను ఫాంట్‌లో కొట్టిస్తారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే కనపడేది తెలుగు కాదు, పిచ్చి గుర్తులు. దాంట్లో వెతకడం కుదరదు, వరస పెట్టడం కుదరదు. ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనపడే యూనికోడ్‌లోనే కొట్టమని ముందే చెప్పండి. ఇప్పటికే అనులో ఉంటే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక మాత్రం వత్తులూ, సున్నలూ కళ్లతో ఒకసారి సరిచూసుకోవాలి. ఎక్సెల్ నుంచి సీఎస్‌వీగా (ఏ ప్రోగ్రామ్‌లోనైనా తెరుచుకునే సాదా పట్టికగా) సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 అన్నదే ఎంచుకోండి, లేకపోతే చేసిన తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది.

మీ అక్సెషన్ నంబరు, అంటే పుస్తకం గ్రంథాలయంలో చేరినప్పుడు రిజిస్టరులో వేసే వరస సంఖ్య, మొదటి గడిలో ఉండాలి. దాన్ని ఎప్పటికీ మార్చకండి. రచయిత పేరు రాసేటప్పుడు బిరుదులు వేరే గడిలో వేయండి. బ్రహ్మశ్రీ, కళాప్రపూర్ణ, శతావధాని అంటూ అట్ట మీద ఉన్నది ఉన్నట్టు కొడితే అకారాదిలో సగం మంది రచయితలు 'శ్రీ' కిందా, 'బ్రహ్మశ్రీ' కిందా పోగవుతారు. నేను పనిచేసినచోట పాత కార్డుల డ్రాయర్లలో 'శ్రీ' డ్రాయర్ ఒక్కటీ కిక్కిరిసి, మూత పడేది కాదు. ఇంటిపేరు ముందు, అసలు పేరు తరవాత. ఇంటిపేరు పొడి అక్షరాల్లో ఉంటే, ఖాయంగా తెలిసినప్పుడే పూర్తిగా రాయండి. తెలియకపోతే అట్ట మీద ఉన్నట్టే వదిలేయండి. ఊహించి నింపిన గడి కన్నా ఖాళీ గడి మేలు.

పుస్తకం పేరు తెలుగు లిపిలో తప్పనిసరి. ఇంగ్లిష్ అక్షరాల్లో కూడా కావాలని ఎవరైనా అడిగితే పక్కన ఇంకో గడి పెట్టండి. పెద్ద లైబ్రరీలు కంప్యూటర్ కాటలాగ్‌కు వాడే మార్క్ అనే పద్ధతి రికార్డుల్లో కూడా అసలు లిపికి 880 అని వేరే గడి ఉంది. రెంటికీ చోటున్నప్పుడు తెలుగును ఎందుకు వదులుకోవాలి?

ప్రశ్న: మా నాన్నగారి పుస్తకాలకు లిస్టు రాస్తున్నాను. ఒకదాని మీద 'ప్రమోదూత సంవత్సర మాఘ మాసము, వెల ఆరణాలు' అని మాత్రమే ఉంది. సంవత్సరం గడిలో ఏం రాయాలి? – గృహిణి, వరంగల్

జవాబు: మంచి ప్రశ్న అడిగారమ్మా. తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి కదా. ప్రమోదూత 1870లో వచ్చింది, 1930లో వచ్చింది, 1990లో వచ్చింది. వెల అణాల్లో ఉందంటే 1957 ఏప్రిల్‌లో నయాపైసలు రాకముందుదే అనుకోవచ్చు. కాబట్టి 1990 పోయింది. మిగిలిన రెండింటిలో ఏదో తేల్చుకోవడానికి వెనక అట్ట మీది ప్రకటనలు, ముందుమాట రాసినవారి పేరు, ప్రెస్సు ఊరు చూడండి. మీ నాన్నగారి పుస్తకమంటున్నారు కనక 1930 వైపే మొగ్గు ఉంటుంది, కానీ ఆధారం చూసే రాయండి. ఇంకో మెలిక. ఉగాది నుంచి ఉగాది దాకా లెక్క కాబట్టి ప్రమోదూతలో 1930 కొంత, 1931 కొంత ఉంటాయి. మాఘం అంటే జనవరి, ఫిబ్రవరి రోజులు. అది 1931. గడిలో 'ప్రమోదూత, మాఘం' అని పుస్తకంలో ఉన్నట్టు రాసి, పక్కన చదరపు బ్రాకెట్లలో 1931 అని వేయండి. చదరపు బ్రాకెట్ ఉంటే అది పుస్తకంలో అచ్చైనది కాదనీ, లిస్టు రాసినవారు తేల్చినదనీ లైబ్రరీలవాళ్లందరికీ తెలుస్తుంది.

ప్రశ్న: మా ప్రాంత చరిత్ర మీద చిన్న పుస్తకం వేస్తున్నాం. లండన్ బ్రిటిష్ మ్యూజియం సైట్‌లో అమరావతి శిల్పాల ఫొటోలు ఉన్నాయి. అవి వేసుకోవచ్చా? ఒక్కో మ్యూజియంలో ఈ శిల్పాల వివరం ఒక్కోలా ఉంది, ఎందుకు? – డిగ్రీ విద్యార్థి, సత్తెనపల్లి

జవాబు: ఫొటోల సంగతి ముందు చెబుతాను. బ్రిటిష్ మ్యూజియం తన ఫొటోలను కొన్ని షరతులతో ఇస్తుంది: పేరు చెప్పాలి, వ్యాపారానికి వాడకూడదు, మీరు చేసినదాన్నీ అవే షరతుల మీద పంచాలి. మీ పుస్తకం ఉచితంగా పంచేదైతే ఇబ్బంది లేదు. వెల పెట్టి అమ్మితే మాత్రం ముందుగా రాసి అనుమతి తీసుకోండి. రాతిశిల్పం రెండు వేల ఏళ్ల నాటిదైనా, దాన్ని ఫొటో తీసినవారికి ఆ ఫొటో మీద హక్కు ఉంటుంది.

అన్ని మ్యూజియాలూ ఇలా లేవు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 ఫిబ్రవరిలో తన దగ్గరున్న, కాపీరైట్ తీరిన కళాఖండాల ఫొటోలు మూడు లక్షల డెబ్బై ఐదు వేలు సీసీ జీరో కింద ఇచ్చేసింది. వస్తువుల వివరాల పట్టికను కూడా ఎవరైనా దించుకునేలా పెట్టింది. 2019లో క్లీవ్‌లాండ్, 2020లో స్మిత్సోనియన్ అదే దారి పట్టాయి. వీళ్లకన్నా ముందే ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం ఈ పని చేసింది. వెర్మీర్ గీసిన పాలు పోసే ఆమె చిత్రానికి ఇంటర్నెట్‌లో పదివేలకు పైగా పసుపు పట్టిన నకళ్లు తిరుగుతున్నాయని వాళ్లు గమనించారు. మ్యూజియం కొట్లో అసలు రంగులున్న పోస్ట్‌కార్డు చూసి ఇది అసలుది కాదనేవాళ్లట జనం. మంచి ఫొటోను తామే ఉచితంగా ఇవ్వడం ఒక్కటే దానికి విరుగుడని తేల్చుకున్నారు. మన మ్యూజియాలు కూడా ఈ నిర్ణయం తీసుకోవాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. అమరావతి పిల్లవాడు తన ఊరి శిల్పం బొమ్మ కోసం లండన్‌కు అర్జీ పెట్టుకునే పరిస్థితి ఉండకూడదు.

ఇక వివరాల్లో తేడాలు. ఒకే స్తూపం రాళ్లు లండన్‌లో ఉన్నాయి, చెన్నై ఎగ్మూర్ మ్యూజియంలో ఉన్నాయి, అమరావతిలో ఉన్నాయి. 1845లో ఈస్టిండియా కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపిన రాళ్లలో చాలా భాగం 1859లో ఓడెక్కాయి. లండన్‌లో ఇండియా మ్యూజియం మూతపడ్డాక 1880లో బ్రిటిష్ మ్యూజియానికి వచ్చాయి. అందుకే వాటి రిజిస్టర్ నంబర్లు 1880తో మొదలవుతాయి. మీరు చూసినవాటి మీద 1880,0709 అని ఉండి, ఆ తరవాత చుక్క పెట్టి వేరే అంకె ఉంటుంది. ఆ ఏడాది రాళ్లు ఆ మ్యూజియం పుస్తకాల్లోకి ఎక్కిన ఏడాది మాత్రమే. చెక్కిన కాలం కాదు, తవ్విన కాలమూ కాదు. మీ పుస్తకంలో పొరపాటున అలా వాడొద్దు.

జిల్లా పేరు ఇంకా తమాషా. 1887లో పురావస్తు పండితుడు జేమ్స్ బర్జెస్ అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల మీద అచ్చు వేయించిన గ్రంథం పేరులోనే కృష్ణా జిల్లా అని ఉంటుంది. అప్పుడు గుంటూరు విడిగా జిల్లా కాదు మరి. 1904లో గుంటూరు జిల్లా వచ్చింది, అమరావతి అందులోకి వెళ్లింది. 2022లో పల్నాడు జిల్లా వచ్చింది, అమరావతి ఊరు ఇప్పుడు అందులో ఉంది. రాయి లండన్‌లోనే ఉంది, దాని పుట్టిన జిల్లా మాత్రం రెండుసార్లు మారింది. పాత రికార్డులు ఎప్పుడు రాశారో అప్పటి జిల్లాయే చూపిస్తాయి. పైగా మహారాష్ట్రలోని అమరావతి ఒకటుంది, ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఒక్క అక్షరం తేడా. ఇప్పుడు రాజధాని పేరూ అదే. కంప్యూటర్‌కి ఇవన్నీ ఒకేలా కనపడతాయి.

దీనికి మందు ఊరి పేరు పక్కన ఒక స్థిరమైన గుర్తింపు సంఖ్య వేయడం. వికీడేటాలో దాదాపు ప్రతి ఊరికీ అలాంటి సంఖ్య ఉంటుంది. జిల్లా ఎన్నిసార్లు మారినా, స్పెల్లింగ్ ఎలా రాసినా ఆ సంఖ్య మారదు. ప్రతి మ్యూజియమూ తన రికార్డులో ఆ సంఖ్య వేసి, పట్టికను అందరికీ అందేలా పెడితే చాలు, లండన్‌లో ఉన్న ముక్క పక్కన చెన్నైలో ఉన్న ముక్కను ఒకే తెర మీద పెట్టి చూడొచ్చు. రాళ్లు వెనక్కి తేవడం ప్రభుత్వాల మధ్య పని, అందుకు ఎన్నేళ్లు పడుతుందో. పట్టికలు కలపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేని రోజు రావాలి. మీ పుస్తకంలో మాత్రం ఫొటో కింద మ్యూజియం పేరు, రిజిస్టర్ నంబరు రెండూ వేయండి. నంబరు లేని ఫొటో చూసి మళ్లీ ఆ రాయిని పట్టుకోవడం ఎవరికీ సాధ్యం కాదు.

ప్రశ్న: మా మామయ్యగారు పోయారు. ఆయన ఇంట్లో వెయ్యికి పైగా తెలుగు పుస్తకాలున్నాయి. సెలవుల్లో వచ్చినప్పుడు అన్నీ స్కాన్ చేసి నెట్‌లో పెట్టాలని ఉంది. చట్టం ఒప్పుకుంటుందా? – సాఫ్ట్‌వేర్ ఇంజినీర్, డాలస్

జవాబు: అన్నిటికీ ఒప్పుకోదు. మన దేశంలో రచయిత చనిపోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి అరవై ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. గురజాడ 1915లో, చిలకమర్తి 1946లో, సురవరం ప్రతాపరెడ్డి 1953లో పోయారు, వాళ్ల రచనలకు ఇక్కడ ఇబ్బంది లేదు. విశ్వనాథ 1976లో పోయారు కాబట్టి 2036 చివరిదాకా, చలం 1979లో పోయారు కాబట్టి 2039 చివరిదాకా ఆగాలి. అనువాదమైతే అనువాదకుడి లెక్క వేరుగా చూడాలి. మీరు అమెరికా నుంచి పెడతానంటే అక్కడి లెక్క వేరు. పాత పుస్తకాలకు అచ్చయిన ఏడాది నుంచి తొంభై ఐదేళ్లని చూస్తారు.

జాబితాకు మాత్రం ఈ అడ్డేమీ లేదు. ఏ పుస్తకం ఉందో, ఎవరు రాశారో, ఎప్పుడు అచ్చైందో చెప్పడానికి ఎవరి హక్కూ అడ్డురాదు. కాబట్టి సెలవులు తక్కువుంటే ముందు స్కానర్ కాదు, జాబితా పట్టుకోండి. పుస్తకాలను బీరువాల్లోంచి తీసి బంధువులకు పంచకముందే చేయాలి, తరవాత ఏది ఎక్కడికి పోయిందో చెప్పేవాళ్లు ఉండరు. ఒక్కో పుస్తకానికి ముఖపత్రం, దాని వెనక పేజీ, వెనక అట్ట, ఈ మూడూ ఫోన్‌తో ఫొటో తీసుకుంటే జాబితా డాలస్ వెళ్లాక తీరిగ్గా కొట్టుకోవచ్చు. మామయ్యగారు పుస్తకంలో ఎక్కడైనా చేతిరాత పెట్టి ఉంటే, కొన్న తారీఖో, ఊరో, ఎవరిచ్చారో, అది కూడా 'గమనిక' గడిలో రాయండి. ఎప్పుడు పోయారో మీకు తెలియని రచయితల పుస్తకాలను స్కాన్ చేయకుండా పక్కన పెట్టండి, కానీ పేర్లు మాత్రం జాబితాలో ఉంచండి. ఆ రచయిత మనవలెవరైనా చూస్తే తేదీ వాళ్లే చెబుతారు, కొందరైతే స్కాన్ చేసుకోమని రాసి ఇస్తారు కూడా.